వేషం కట్టడం నేర్పే ఊరు

పాలక్కాడు దాటాక తాటిచెట్లు పలచబడతాయి. కొబ్బరి, పోక, అరటి తోటలు రైలు కిటికీని కమ్మేస్తాయి. షొర్ణూరులో దిగి, వంతెన మీద భారతప్పుళ దాటితే అవతలి ఒడ్డు చెరుతురుత్తి. కేరళలో ఇంత పేరున్న నది డిసెంబరులో ఇసుక మేటల మధ్య పాయలుగా చీలి సన్నగా పారుతోంది. పక్కనే కొంత కూలిన పాత వంతెన. షొర్ణూరు నుంచి ఎర్నాకుళానికి 1902లో రైలు నడిచింది. ఆ దారి వెయ్యడానికి డబ్బు చాలక కొచ్చి రాజు త్రిప్పూణితుర గుడి ఏనుగుల బంగారు నెత్తిపట్టాలు అమ్మించాడని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఏనుగుకు కూడా వేషం కట్టే దేశం ఇది.

నాతో మా అన్నయ్య కూతురు వచ్చింది. అది హైదరాబాదులో ఫ్యాషన్ డిజైన్ చదివింది. సినిమాల్లో కాస్ట్యూమ్స్ చెయ్యాలని దాని కోరిక. ఒకటి రెండు సినిమాలకు సహాయకురాలిగా పనిచేసి వచ్చాక ఒకనాడు మా ఇంట్లో కూర్చుని, "అత్తా, బట్టలు కొనుక్కురావడం వచ్చింది. ఏ సీన్లో ఏది వేసుకున్నారో ఫొటోలు తీసి పెట్టుకోవడం వచ్చింది. ఇస్త్రీవాళ్ల వెంట పరిగెత్తడం వచ్చింది. ఒక మనిషిని ఇంకో మనిషిగా ఎలా కట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు" అంది. నాటకాల వాళ్ల మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మన పల్లెల్లో పద్యనాటకం వేస్తే డ్రెస్ కంపెనీ వాళ్లు రేకు పెట్టెలతో వచ్చేవారు. కిరీటాలు, గదలు, పట్టు పంచెలు అన్నీ ఆ పెట్టెల్లోంచే. హరిశ్చంద్రుడు వేసినాయన పేరు ఊరంతా తెలుసు. ఆయన్ని హరిశ్చంద్రుడిగా కట్టినాయన పేరు పెట్టె మీద కూడా ఉండేది కాదు. ఆ పని చేసే మనిషికి బడి ఉన్న చోటు ఒకటి దీనికి చూపించాలనుకున్నాను.

ఆ చోటు కేరళ కళామండలం. మహాకవి వళ్ళత్తోళ్ నారాయణ మేనోన్, మణక్కుళం ముకుంద రాజా కలిసి 1930లో దాన్ని స్థాపించారు. కోవిలకాలనే రాజుల ఇళ్లూ నంబూద్రి ఇళ్లూ పోషించిన కథాకళికి ఆ అండ కరిగిపోతున్న కాలం అది. కవిగారు లాటరీ టికెట్లు అమ్మి డబ్బు పోగుచేశారు. 1936లో సంస్థ చెరుతురుత్తికి వచ్చింది. నది ఒడ్డున ఉన్న పాత ప్రాంగణంలోనే ఆయన సమాధి. కళామండలం ఇప్పుడు డీమ్డ్ విశ్వవిద్యాలయం. అక్కడ నటనకు, పాటకు, చెండ, మద్దళం అనే వాద్యాలకు ఉన్నట్టే ముఖం తీర్చే పనికి కూడా ఒక కళరి, అంటే నేర్పే గది, ఉంది. ఆ పనిని చుట్టి అంటారు. దానికి గురువు ఉన్నాడు, పాఠం ఉంది, పరీక్ష ఉంది, పట్టా ఉంది. భీముడి వేషం వేసే కుర్రాడూ, ఆ కుర్రాడికి దవడ కట్టే కుర్రాడూ ఒకే సంస్థ విద్యార్థులు. ఒకే ఆవరణలో చదువుకుంటారు.

ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా బయటివాళ్లు టికెట్ తీసుకుని కళరులన్నీ చూడవచ్చు. పాఠం ఆగదు. మనమే గుమ్మం దగ్గర నిలబడి చూసి ముందుకు కదలాలి. ఒక గదిలో పిల్లలు పాదాల బయటి అంచుల మీద బరువు మోపి, మోకాళ్లు వంచి నిలబడి అడుగులు వేస్తున్నారు. ఇంకో గదిలో కళ్లు మాత్రమే తిరుగుతున్నాయి. 2021 నుంచి ఆడపిల్లలకూ ఇక్కడ కథాకళి చదువు తలుపు తెరిచారు. ఆ కబురు విన్నప్పుడు కలిగిన సంతోషం నాకింకా గుర్తుంది. ఈ గదుల గురించి చాలామంది రాశారు. నేను చుట్టి నేర్పే గది గురించి చెబుతాను.

నేల మీద చాప. చాప మీద ఒక కుర్రాడు వెల్లకిలా పడుకున్నాడు. అతని తల వైపు ఇంకో కుర్రాడు బాసిపట్టు వేసుకుని, ముందుకు వంగి, ఆ ముఖాన్ని తలకిందులుగా చూస్తూ పనిచేస్తున్నాడు. పక్కన కొబ్బరి చిప్పల్లో రంగులు, కొబ్బరి ఈనెలు, కత్తెర, తెల్ల కాగితం. గీతలు ముందు నటుడే అద్దం చేత్తో పట్టుకుని గీసుకుంటాడు. దాన్ని తేప్పు అంటారు. ఆ తర్వాతే చుట్టి కళాకారుడి చేతికి ముఖం వస్తుంది. అతను దవడ వెంబడి బియ్యప్పిండి, సున్నం కలిపిన ముద్దతో గట్టు వేస్తాడు. అర్ధచంద్రాకారంగా కోసిన కాగితాన్ని ఆ గట్టుకు అతికిస్తాడు. పూర్వం కాగితం లేదు. పిండి ముద్దనే పొర మీద పొరగా వేసి, ఒక్కో పొర ఆరేదాకా ఆగి, అంత ఎత్తు కట్టేవారు. కాగితం వచ్చాక గంటలు తగ్గాయి. అయినా పెద్ద వేషానికి ఈనాటికీ మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ చాప మీదే నటుడు కునుకు తీస్తాడు.

మొదటి పాఠం పిండిది. బియ్యం నానబెట్టి మెత్తగా నూరాలి. సున్నం ఎక్కువైతే చర్మం మండుతుంది, తక్కువైతే గట్టు నిలవదు. గాలిలో తేమను బట్టి, మనిషి చర్మాన్ని బట్టి ఆ పాళ్లు మారుతూ ఉంటాయి. రెండో పాఠం రంగులది. పసుపు రంగుకు మణయోల అనే రాయి, ఎరుపుకు చాయిల్యం, నలుపుకు దీపపు మసి. మణయోలలో నీలం కలిపి కొబ్బరినూనెతో నూరితే కథానాయకుల ముఖానికి పూసే పచ్చ వస్తుంది. మా పిల్ల ఆ పచ్చను వేలి కొసతో తాకి చూసి, "డబ్బాలో రాదా ఇది?" అని అడిగింది. "వస్తుంది. డబ్బాలోది పగలు బాగానే ఉంటుంది" అన్నారు ఆశాన్. అక్కడ గురువును ఆశాన్ అని పిలుస్తారు. ఆయనకు తమిళం బాగా వచ్చు, నాకు కొంచెం వచ్చు, ఇంగ్లీషు మా ఇద్దరికీ కాస్త సాయం చేసింది.

కుర్రాడు కాగితం కోసి తెచ్చి ఆశాన్‌కు చూపించాడు. ఆయన దాన్ని తిప్పి చూసి, పడుకున్న అబ్బాయి దవడ మీద రెండు బొటనవేళ్లు ఆనించి కాసేపు ఉంచారు. "ఇతని ఎడమ దవడ కుడిదానికంటే కాస్త లోపలికి ఉంది. రెండు పక్కలా ఒకే కొలత పెట్టావు. దీపం ముందు కూర్చున్నాక ముఖం ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తుంది. ఎడమది వెడల్పుగా కోసుకురా" అన్నారు. కుర్రాడు మళ్లీ కోశాడు. ఆశాన్ మళ్లీ తిప్పి పంపారు. మా పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొలత టేపు పట్టుకుని ఒళ్లు కొలవడం దానికి నేర్పారు. ఏ రెండు వైపులూ ఒకలా ఉండని మనిషిని దూరం నుంచి చూసేవాళ్లకు సమంగా కనిపించేలా కట్టడం నేర్పలేదు. చదువు అక్కడ మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ కుర్రాణ్ని మధ్యాహ్నం భోజనాల వేళ పలకరించాం. చెండ నేర్చుకుందామని వచ్చాడట. ఒకసారి రాత్రి ఆటకు వెళ్లి తెర వెనకాల కూర్చున్నాక మనసు ఇటు తిరిగిందట. "నా స్నేహితుణ్ని చాప మీద పడుకోబెడతాను. లేచేటప్పటికి అతను నాకు తెలిసినవాడు కాడు" అన్నాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లుంటాయి. ఆ వయసులో తన పని గురించి అంత గౌరవంగా మాట్లాడగలగడం ఆ బడి ఇచ్చిన బలం.

సాయంత్రం దగ్గర్లోని ఒక గుడి ఉత్సవంలో కథాకళి ఉందని చెబితే ఆటోలో వెళ్లాం. ఆడేది కీచకవధం. ఇరయిమ్మన్ తంపి రాసిన కథ. చీకటి పడకముందే అణియరలో చోటిచ్చారు. అణియర అంటే వేషం కట్టే గది. ఇక్కడది తాటాకు పందిరి. మధ్యలో వెలుగుతున్న దీపం, ఒక వారగా బరువైన చెక్క పెట్టెలు. కథాకళి బృందం ఆస్తి అంతా ఆ పెట్టెల్లో ఉంటుంది. వాటిని మోసుకొచ్చేవాళ్లు, విప్పేవాళ్లు, వేషం బిగించేవాళ్లు, తెల్లవారాక మళ్లీ సర్దేవాళ్లు వేరే ఉంటారు. ఆట ఎన్నింటికి మొదలైనా వాళ్ల పని పగలే మొదలవుతుంది.

కీచకుడిది కత్తి వేషం. అంటే రాజసం ఉన్న దుర్మార్గుడు. రావణుడు, దుర్యోధనుడు కూడా ఇదే కోవ. పచ్చ రంగు ముఖంలో కులం, పరాక్రమం ఉంటాయి. బుగ్గల మీద కత్తి ఆకారంలో పైకి లేచిన ఎర్రని మీసపు గీత, ముక్కు కొసన, నుదుటన బెండుతో చేసిన తెల్లని గుండ్లు అతని అహంకారం. ముఖం ఒక్కటి చూసి ప్రేక్షకుడు మనిషి స్వభావం చదివేస్తాడు. పచ్చ వేషంలో నలుడు, అర్జునుడు. ఎర్ర గడ్డంలో దుశ్శాసనుడు. తెల్ల గడ్డంలో హనుమంతుడు. ఆడవాళ్లకూ మునులకూ మినుక్కు అనే సున్నితమైన వేషం. ఈ ముఖాల, కిరీటాల తీర్పులో పాతకాలపు కథాకళి ఆచార్యుడు కప్లింగాడు నంబూద్రి చెయ్యి ఎక్కువని చెబుతారు. ఇన్ని తరాల్లో ఒకరి తర్వాత ఒకరు దిద్దిన లిపి ఇది. ఏ ఒక్కరి సంతకమూ లేదు.

ముఖం ఆరాక నడుము. ఇద్దరు మనుషులు చెరో పక్క నిలబడ్డారు. గంజి పెట్టి బిరుసెక్కిన గుడ్డ ముక్కలు ఒకదాని మీద ఒకటి నటుడి నడుముకు తాడుతో కడుతున్నారు. పొడవాటి కచ్చ బిగించేటప్పుడు ఒకరు కాలు నేలకు తన్ని పట్టి లాగుతారు, నటుడు ఊపిరి బిగబట్టి తిరుగుతాడు. దాని పైన తెల్లని బట్ట గుండ్రంగా విచ్చుకుంటుంది. దాని పేరు ఉడుత్తుకెట్టు. ఇంత వెడల్పు ఎందుకని మా పిల్ల అడిగింది. బిగించేవాళ్లలో పెద్దాయన మాటతో కాక, మోకాళ్లు వంచి, పాదాల అంచుల మీద నిలబడి చూపించాడు. పొద్దున కళరిలో చూసిన నిలకడే. ఆ నిలకడలో మామూలు పంచె కట్టుకుంటే మనిషి కుదించుకుపోయినట్టు కనిపిస్తాడు. ఈ ఘేరా ఉంటే అతను మనిషి కొలత దాటిపోతాడు. ఆట తీరుకు తగ్గట్టు బట్ట పెరిగిందన్నమాట. ఫ్యాషన్ చదువుకూ వేషం చదువుకూ తేడా ఏమిటని అడిగేవాళ్లకు నేను ఇక ఈ పెద్దాయన మోకాళ్లు చూపిస్తాను.

తర్వాత వెనక ముడివేసే ఎర్ర కుప్పాయం అనే చొక్కా, రొమ్ము మీద పతకాలు, భుజకీర్తులు, చేతి కడియాలు, మోకాళ్ల కింద తోలు పట్టీలకు కుట్టిన గజ్జెలు, ఎడమ చేతి వేళ్లకు వెండి గోళ్లు. భుజాల మీంచి వేలాడే ఉత్తరీయాల కొసన తామరపువ్వులాంటి కుచ్చు, అందులో చిన్న అద్దం. రంగం మీద సందు దొరికితే నటుడు ఆ అద్దంలో ముఖం చూసుకుంటాడు. చుండ అనే వంగజాతి మొక్క పూవులోని గింజలాంటి భాగాన్ని అరచేతిలో నలిపి కనురెప్ప కింద పెట్టుకుంటే కళ్లు ఎర్రబడతాయి. అన్నిటికంటే చివర కిరీటం. నటుడు దాన్ని రెండు చేతులా అందుకుని, దీపానికి, పెద్దలకు మొక్కి, తనే తలకెత్తుకున్నాడు. అక్కణ్నుంచి ఎవరూ అతనితో మాట్లాడలేదు.

రంగం మీద మనిషి నడుము ఎత్తు ఇత్తడి దీపం. కొబ్బరినూనె, రెండు లావుపాటి వత్తులు: ఒకటి నటుడి వైపు, ఒకటి మన వైపు. నిర్వాహకులు ట్యూబులైట్లు కూడా పెట్టారు. కాసేపటికి కరెంటు పోయి, దీపమే మిగిలింది. పొద్దున ఆశాన్ అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. కింది నుంచి ఊగుతూ వచ్చే ఆ పసుపు వెలుగును తెల్లని చుట్టి పట్టుకుని ముఖం మీదికి తిప్పుతోంది. పచ్చ లోపలి నుంచి వెలుగుతున్నట్టుంది. తెరను రెండు చేతులా కిందికి లాగి కీచకుడు చూసిన చూపుకు, నా పక్కన కూర్చున్న చిన్నపిల్ల వాళ్లమ్మ కొంగులో దూరింది. ఆ రంగులన్నీ ఆ దీపం కోసం లెక్క కట్టినవి. వెలుగు ఎక్కణ్నుంచి వస్తుందో తెలియకుండా రంగు ఎంచకూడదనే పాఠం రంగస్థలానికీ సినిమాకూ ఒకటే.

మర్నాడు చెర్పులశ్శేరి మీదుగా వెళ్ళినేళి వెళ్లాం. పాలక్కాడు జిల్లాలో కుంతిప్పుళ ఒడ్డున చిన్న ఊరు. ఒళప్పమణ్ణ మన అనే నంబూద్రి ఇంట్లో కథాకళి గురువు పట్టిక్కాంతొడి రావుణ్ణి మేనోన్ శిష్యులను తయారుచేసింది ఇక్కడే. కథాకళి ఆభరణాలు, కిరీటాలు చేసే పనివాళ్ల ఇల్లు కూడా ఈ ఊళ్లో ఉంది. వసారాలో కుమిళ్ చెక్క చెక్కుతున్నారు. మన గుమ్మడిటేకే అది. తేలిక, మెత్తన, పగలదు. కిరీటం రాత్రంతా తల మీద ఉండాలి కాబట్టి ప్రతి తులమూ ఆలోచించి తియ్యాలి. వెనక వైపు పళ్లెంలాంటి చక్రాన్ని ఎంత పలచన చెక్కుతారో, చేత్తో పట్టుకుంటేగాని తెలియదు. దాని మీద బంగారు రేకు, అద్దాలు, నెమలి ఈకల కాడలు చీల్చి అతికిన వరసలు. పనిచేస్తున్నాయన ఉలి ఆపకుండా, తండ్రి దగ్గర నేర్చుకున్నానని, తన పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారని చెప్పారు. ఇక్కడ చదువు ఇంట్లోనే ఉంది. ఇల్లు ఆపేస్తే చదువు ఆగిపోతుంది. నది ఒడ్డున వళ్ళత్తోళ్ బడి ఎందుకు పెట్టారో నాకు ఈ వసారాలో బాగా అర్థమైంది.

తిరుగు ప్రయాణంలో మా మాటలన్నీ సినిమా మీదికి మళ్లాయి. షాజీ ఎన్. కరుణ్ 1999లో తీసిన 'వానప్రస్థం'లో మోహన్‌లాల్ కథాకళి నటుడు. అందులో సుభద్ర అనే స్త్రీ అతన్ని అర్జునుడి వేషంలోనే ప్రేమిస్తుంది, వేషం విప్పిన మనిషి ఆమెకు అక్కర్లేదు. వేషానికి ఉన్న బలం మీద అంత లోతైన సినిమా నేను ఇంకోటి చూడలేదు. కెమెరా దీపం కాదు, దగ్గరికొచ్చి నేత కూడా చూస్తుంది. కొత్త బట్టను పదేళ్లు కట్టి ఉతికిన బట్టగా మార్చడం, చెమట మరక ఎక్కడ పడుతుందో తెలిసి అక్కడే వెయ్యడం సినిమా వేషకారుడి విద్య. భాను అథైయా అలాంటి విద్య ఉన్న మనిషి. ముంబయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో బొమ్మలు వెయ్యడం నేర్చుకుని వచ్చారు. 'ఆమ్రపాలి' కోసం అజంతా గోడల బొమ్మలు చూసి దుస్తులు కూర్చారు. 'గాంధీ' సినిమాకు జాన్ మోలోతో కలిసి 1983లో ఆస్కార్ అందుకున్నారు. ఆస్కార్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమె. ఆ గెలుపు వేషం కట్టే పనికి వచ్చిందని మనం తరచుగా చెప్పుకోవాలి.

ఆ సాయంత్రం గుడి దగ్గర కీచకుడి పేరు వినగానే నాకు మన సురభి నాటక సమాజం గుర్తొచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం మొదటిసారి వేసిన నాటకం కూడా 'కీచక వధ'. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలు ఆడించినవాళ్లు. తోలు మీద రంగులద్దిన చేతులే మనుషులకు వేషం కట్టాయి. అప్పటినుంచి ఆ కుటుంబాల్లో పిల్లలు తెర వెనకాలే పుట్టి, పెద్దవాళ్లను చూసి కుట్టు, రంగు, ఆభరణం అన్నీ నేర్చుకున్నారు. కూచిపూడిలో సత్యభామ జడకున్న మర్యాద సంగతి అందరికీ తెలుసు. వేదాంతం సత్యనారాయణ శర్మ భామగా రంగం మీదికి వస్తే ఆడవాళ్లే చూసి నేర్చుకున్నారని పెద్దలు చెప్పేవారు. ఆ నటనకు తోడు నిలిచిన జడ, ఓణీ, తిలకం కూడా ఒక విద్యే. మన సినిమా రంగంలో ఒక మనిషి తను చేసే పనినే ఇంటి పేరుగా మోశారు: కాస్ట్యూమ్స్ కృష్ణ. దుస్తులు కూర్చి, తర్వాత నటుడై, నిర్మాతై, 2023లో కన్నుమూశారు. మనకు మనుషులు లేక కాదు, వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే చాప ఒకటి పరవలేదు.

మా పిల్ల తిరిగొచ్చాక తన సామానులోంచి కొలత టేపు పారెయ్యలేదు గానీ, సాయంత్రాలు బొమ్మల పుస్తకం పట్టుకుని ఇంట్లో వాళ్ల దవడలు గీస్తోంది. వచ్చే సినిమాకు పిలుపు వస్తే వెళ్తుంది. అందులో కూడా దానికి ఇస్త్రీ పనే దొరకవచ్చు. ఆ పని చేస్తూనే, ఆదివారాల్లో ఒక పాత నాటక బృందం పెట్టెలు సర్దే పెద్దాయన దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆయన దానికి కిరీటం లోపల గుడ్డ చుట్టడం నేర్పుతున్నారు.

నాటక శాఖలున్న మన విశ్వవిద్యాలయాలకు, కూచిపూడి నేర్పే బడులకు, సినిమా శిక్షణ ఇచ్చే సంస్థలకు నా విన్నపం ఒకటే. నటనకు ఇచ్చినంత చోటు వేషానికీ ఇవ్వండి. డ్రెస్ కంపెనీ పెట్టెల వెనక జీవితమంతా గడిపిన పెద్దవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు పట్టా అడగకుండా గురువు కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టండి. కరపత్రం మీద నటుడి పేరు పక్కన వేషం కట్టినవాళ్ల పేరు కూడా అచ్చు వెయ్యండి. ఇంట్లో పిల్లలెవరైనా ఈ పని నేర్చుకుంటామంటే, దర్జీ పనా అని వెనక్కి లాగకండి, పంపించండి.